మరల చదివిన రాధికాసాంత్వనము

ఒకసారి చదివి పక్కన పెట్టే పుస్తకాలు కొన్ని, పదేళ్ళకొకసారి బయటికి తీసి చదువుకునే పుస్తకాలు కొన్ని. ముద్దుపళని వ్రాసిన "రాధికాసాంత్వనము" మాకు రెండవ తెగలోనిది. చిన్నవయస్సులో చదివినప్పుడు పద్యాల సొగసు చూచాము. సంసారంలో పడ్డాక చదివినప్పుడు రాధ దుఃఖం చూచాము. ఇప్పుడు, ఇళ్ళలో మనుమరాళ్ళు ఎదిగివస్తున్న వేళ మరల చదివితే, ఇదివరకు మా కంట పడని సంగతి ఒకటి కనబడింది. కాపురానికి వెళ్ళే పిల్లకు ఏమి చెప్పాలో, ఆ పిల్ల చేయి పట్టుకున్న మగవానికి ఏమి చెప్పాలో, ఇంటి పెద్దది ఒకతె నోరు విప్పి చెప్పిన పాఠం అందులో ఉన్నది.

శృంగారకావ్యం సంగతి కుటుంబ పత్రికలో ఎందుకని కొందరు నొసలు ముడివేయవచ్చును. కుటుంబంలో గాక ఈ సంగతి మరెక్కడ చెప్పుకుంటాము? ఆలోచించి చూడండి. ఆడపిల్ల పెద్దమనిషి అయిననాడు చిమ్మిలి దంచి ఇంటింటికీ పంచుతాము. అరవదేశంలో ఉన్న మనవాళ్ళమైతే పందిరి వేసి, మేనమామ చేత సారె పెట్టించి, ఈమధ్య పిల్ల బొమ్మతో వీధి మొగలో ఫ్లెక్సీ కూడా కట్టిస్తున్నాము. ఊరందరికీ చాటిన ఆ సంగతిని పిల్లకు మాత్రం విడమరచి చెప్పము. తన ఒంట్లో ఏమి జరిగింది, ఎందుకు జరిగింది, ఇకమీదట తెలుసుకోవలసినది ఏమిటి, ఇవేవీ చెప్పము. "అక్కడ కూర్చో, ఇది ముట్టుకోకు" అన్నంతటితో మన బోధ ముగుస్తుంది. మళ్ళీ నోరు విప్పేది శోభనంనాడు. అదైనా "అతను చెప్పినట్టు వినవే" అన్న ఒక్క ముక్క. మగపిల్లవానికి ఆ ముక్కయినా లేదు.

ఈ మౌనమే మన సంప్రదాయమని మనలో చాలమంది నమ్మకం. కాదని చెప్పడానికి ఈ పుస్తకమే సాక్షి.

పొలిమేర కావల పుట్టిన కావ్యం

ఈ కావ్యం పుట్టుకా, పునర్జన్మా రెండూ ఆంధ్రదేశానికి వెలుపలనే జరిగినవి. అందుచేత ఇది మనబోటి వారికి మరింత సొంతం. తంజావూరు తెలుగుకు పుట్టిల్లు కాకపోయినా, పుట్టింటిని మరపించిన మెట్టినిల్లు. రఘునాథ నాయకుని కొలువులో రామభద్రాంబ, మధురవాణి, విజయరాఘవ నాయకుని కొలువులో రంగాజమ్మ కవయిత్రులుగా వెలిగారు. నాయకరాజుల తరువాత వచ్చిన భోంసలే ప్రభువుల ఇంటిభాష మరాఠీ. అయినా కవిత్వానికీ సంగీతానికీ వారు తెలుగును విడువలేదు. ఆ వంశంలోని ప్రతాపసింహుడు 1739 నుండి 1763 వరకు ఏలాడు. అతని ఆస్థానంలోని విదుషి ముద్దుపళని.

ఆమె కళావంతుల ఇంట పుట్టింది. సంగీతం, నాట్యం, సంస్కృతాంధ్రాలు నేర్చింది. ఆండాళ్ తిరుప్పావైని తెనిగించింది. కావ్యం మొదట తన అవ్వ తంజనాయకిని పేర్కొని, ఆడవారి వరుసలోనే తన వంశం చెప్పుకొని, తన పాండిత్యాన్ని గురించీ తనకు జరిగిన సన్మానాలను గురించీ తొణకకుండా చెప్పుకున్నది. కావ్యారంభంలో తమ్ము తాము పొగడుకొనడం మగకవులకు ఆనవాయితీ. ఆ ఆనవాయితీని ఆమె తనకూ చెందినదే అన్నట్టు అందుకున్నది. ఆ నిబ్బరం చూస్తే నేటికీ ముచ్చట వేస్తుంది.

కావ్యం నాలుగాశ్వాసాలు, 584 పద్యాలు. శుకమహర్షి జనకునికి చెప్పినట్లు కథ నడుస్తుంది. రాధ నిండుప్రాయపు స్త్రీ. ఇళాదేవి అనే పిల్లను ఆమె తన చేతులమీదుగా పెంచింది. ఆ పిల్లను కృష్ణునికిచ్చి పెండ్లి చేసింది. పెండ్లికూతురిని కూర్చోబెట్టుకొని భర్తతో మెలగవలసిన తీరు చెప్పింది. ఆ పైన కృష్ణుని పిలిచి అతనికీ చెప్పింది. ఇంతా చేసి, తాను ప్రేమించిన వానిని తన చేతులతోనే మరొకతెకు అప్పగించిన బాధకు తట్టుకోలేక కుమిలిపోయింది. తనను మరచిన కృష్ణుని మీద మండిపడింది. చివరకు కృష్ణుడే వచ్చి, బ్రతిమాలి, ఆమెను ఊరడించాడు. కావ్యానికి ఆ పేరు అందుమూలాన వచ్చినదే.

పాఠం ఇద్దరికీ

ఈసారి చదువులో మమ్మల్ని నిలిపివేసిన ఘట్టం రాధ కృష్ణునికి చెప్పే బుద్ధులు. పిల్ల సుకుమారి, మృదువుగా మెలగు, ఆమె మనస్సు తెలుసుకొని నడుచుకో అని ఆమె మాటల సారం. ఎన్ని వేల మందిని ఏలిన స్వామి అయినా, ఈ విషయంలో ఒకరు చెప్పగా విని నేర్చుకోవలసినవాడే అని కవయిత్రి అభిప్రాయం. మన ఇళ్ళలో అణకువ పాఠమంతా ఆడపిల్లకే. పిల్లవానికి ఉద్యోగం, జీతం, కట్నకానుకల సంగతి తప్ప, ఎదుటి మనిషి ఒళ్ళూ మనస్సూ ఎరిగి మసలుకొమ్మని చెప్పే పెద్దదిక్కు లేదు. ఆ పాఠం వానికి సినిమాలు చెబుతున్నాయి, ఇప్పుడు చేతిలోని ఫోను చెబుతున్నది. అవి చెప్పేది ఏపాటి పాఠమో మనకు తెలియనిది కాదు. రెండున్నర శతాబ్దాల క్రిందటి తంజావూరు విదుషికి తోచిన మాట నేటి తల్లిదండ్రులకు తోచకపోవడం వింతగా ఉన్నది.

రెండవ సంగతి, కోరిక. మన ప్రబంధకవులు స్త్రీని ఆపాదమస్తకం వర్ణించారు. కాని అది బయట నిలిచి చూచిన చూపు. ముద్దుపళని రాధకు తన కోరిక ఏమిటో తనకు తెలుసు. దానిని చెప్పడానికి ఆమె సిగ్గుపడదు. అది తీరనప్పుడు కోపం తెచ్చుకోవడానికి వెరవదు. నిండుప్రాయం వచ్చిన స్త్రీకి ఇక ముచ్చట్లు ఎందుకన్న మాట ఈ కావ్యంలో చెల్లదు. కొత్తపెళ్ళికూతురిని విడిచి కృష్ణుడు తిరిగివచ్చి బ్రతిమాలేది ఆ నిండుప్రాయపు రాధనే. కాపురంలో స్త్రీ ఇష్టానికి విలువ ఉన్నదనీ, ఆ ఇష్టాన్ని అడిగి తెలుసుకోవాలనీ ఇంతకన్న తేటగా చెప్పిన కావ్యం మాకు కనబడలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. ఇళాదేవి పెండ్లి ఆనాటి ఆచారం ప్రకారం బాల్యం దాటీదాటకమునుపే జరిగింది. ఆ సంగతి నేడు ఆదర్శం కానేరదు. 1929 నాటి శారదా చట్టం ఆడపిల్ల పెండ్లికి పధ్నాలుగేళ్ళు నిండాలన్నది. 1978 సవరణ దానిని పద్దెనిమిది చేసింది. ఈ చట్టాల వెనుక ఎందరో పసిపిల్లల కన్నీళ్ళున్నవి. ఆ ఘట్టాన్ని మేము మెచ్చుకొని చదువలేదు, ఆనాటి లోకం ఇది అని తెలుసుకొని దాటాము. కాని అటువంటి కాలంలో కూడా పిల్ల పక్షాన నిలిచి "మృదువుగా మెలగు" అని మగవానికి చెప్పిన గొంతు ఒకటి ఉన్నదే, ఆ గొంతును విడువరాదు. పాతకావ్యంలో పనికివచ్చేది తీసుకొని, పనికిరానిది పాతదని వదలడం పాఠకుల హక్కే కాదు, విధి కూడా.

గొంతు నొక్కిన చరిత్ర

ఇటువంటి పుస్తకం మనకు ఎందుకు తెలియకుండా పోయిందో కూడ తెలుసుకోవాలి. 1887లో పైడిపాటి వెంకటనరసు వ్యాఖ్యతో దీనిని ప్రకటించారు. కాని కొన్ని పద్యాలు వదిలివేశారు. కవయిత్రి తన్ను గూర్చి చెప్పుకున్న అవతారికను కూడా తీసివేశారు. అంటే కావ్యం మిగిలింది, వ్రాసిన మనిషి మాయమైంది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు "ఆంధ్రకవుల చరిత్రము"లో ఈమె పాండిత్యాన్ని ఒప్పుకుంటూనే, ఆడది నోట పలకదగని మాటలు వ్రాసిందని గట్టిగా ఆక్షేపించారు. పంతులుగారు సామాన్యులు కారు. 1881లో రాజమహేంద్రవరంలో వితంతువివాహం చేయించి, లోకాన్ని ఎదిరించిన మహనీయులు. స్త్రీ కన్నీరు తుడవడానికి ముందుకు వచ్చిన ఆ చేయే, స్త్రీ కోరిక చెప్పుకుంటే వద్దని అడ్డుపడింది. ఆ కాలం అటువంటిది.

పంతులుగారికి జవాబు చెప్పినది బెంగుళూరు నాగరత్నమ్మ. ఆమె 1878లో మైసూరు సీమలోని నంజనగూడులో పుట్టింది. కన్నడదేశపు బిడ్డ. తెలుగు, సంస్కృతం నేర్చి, చెన్నపట్నం చేరి, గాయనిగా పేరు గడించింది. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించి, అక్కడి ఆరాధనలో స్త్రీలకు పాడే చోటు సంపాదించినది ఆమెయే. ముద్దుపళని కావ్యం ఎన్నిసార్లు చదివినా మళ్ళీ చదవాలనే అనిపిస్తుందని ఆమె తన పీఠికలో వ్రాసుకున్నది. మరల చదివేవారిలో మాకు ఆమె పెద్దక్క అన్నమాట. అచ్చుప్రతిలో లోపాలున్నవని కనిపెట్టి, వ్రాతప్రతి సంపాదించి, పోల్చి సరిచూచి, అవతారికతో సహా 1910లో వావిళ్ళవారి చేత అచ్చువేయించింది. సిగ్గు ఆడవారికి మాత్రమేనా, మగవారికి అక్కరలేదా, పంతులుగారు మెచ్చిన మగకవుల పుస్తకాలలో ఇంతకన్న పచ్చి శృంగారం లేదా అని పీఠికలో నిలదీసింది. ఆ ప్రశ్నకు నేటికీ సమాధానం రాలేదు. నంది తిమ్మన సత్యభామ కృష్ణుని ఎడమకాలితో తన్నిన ఘట్టాన్ని తరతరాలుగా పండితులు తలలూపి మెచ్చుకున్నారు. రాధ తన మనస్సు చెప్పుకుంటే మాత్రం వారికి చెవులు కాలినవి.

మరుసటి ఏడే, 1911లో, గ్రంథం అశ్లీలమని రచ్చ లేచింది. దొరల ప్రభుత్వం ప్రతులను స్వాధీనం చేసుకున్నది. పండితులు విజ్ఞప్తులు పెట్టినా ఫలించలేదు. ముప్ఫై ఐదేండ్లకు పైగా ఆ నిషేధం నిలిచింది. చెన్నరాష్ట్రానికి టంగుటూరి ప్రకాశం పంతులుగారు ప్రధానిగా ఉన్నప్పుడు, 1947లో, అది తొలగింది. 1952లో వావిళ్ళవారు మరల అచ్చువేశారు. ఆ సంవత్సరమే మే నెలలో నాగరత్నమ్మ కన్నుమూసింది.

1947లోనే దేవదాసీ సమర్పణను మాన్పించే చట్టం చెన్నరాష్ట్రంలో వచ్చింది. పిల్లలను గుడికి ముడిపెట్టే ఆ ఆచారం పోవడం మంచిదే. కాని వారి ఆటపాటలు మన ఇండ్లలోకి వచ్చినవి, వారి తెలివి మాత్రం రాలేదు. నేడు మన ఆడపిల్లలు సభలలో పదాలకు అభినయం పడుతున్నారు. "ఈ మాటకు అర్థమేమిటమ్మా?" అని పిల్ల అడిగితే, "స్వామిమీది భక్తి" అని తల్లి దాటవేస్తున్నది.

ఇంటిభాషలో మాట లేకపోతే

మౌనం సంప్రదాయం కాదని చెప్పడానికి కావ్యాలదాకా పోనక్కరలేదు. సమర్త పాటలు, నలుగు పాటలు, తలుపు దగ్గర పాటలు మన అవ్వలకు నోటికి వచ్చేవి. వాటిలో వేళాకోళం ఉండేది, సరసం ఉండేది, వాటి చాటున హితబోధ కూడా ఉండేది. నేరుగా చెప్పలేనిది పాటలో చెప్పేవారు. పేరంటంలో కూర్చున్న కన్నెపిల్లలు నవ్వుకుంటూనే ఎంతో తెలుసుకునేవారు. ఇప్పుడు ఆ పాటల చోట మైకులో సినిమా పాటలు వచ్చినవి. చెప్పే అత్తలూ, పెద్దమ్మలూ ఫోటోలకు నిలబడుతున్నారు.

దీనికి తోడు మనకు మరొక చిక్కు ఉన్నది. మన పిల్లలు బడిలో శరీరశాస్త్రం ఇంగ్లీషులో చదువుతారు. వీధిలో ఇవే సంగతులు అరవంలోనో, కన్నడంలోనో, మరాఠీలోనో, ఒడియాలోనో, బూతుమాటలుగా వింటారు. ఇంటిభాష అయిన తెలుగులో మాత్రం ఈ సంగతులకు వారికి ఒక్క మంచి మాట తెలియదు. ఇంటిభాషలో మాట లేని సంగతి ఇంట్లో చెప్పుకోలేని సంగతి అవుతుంది. తన ఒంటిలోని భాగానికి పేరు తెలియని పిల్లమీద ఎవడైనా చేయి వేస్తే, ఆ పిల్ల వచ్చి అమ్మతో ఏమని చెప్పుకుంటుంది? పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలను కాపాడడానికి 2012లో పోక్సో చట్టం తెచ్చారు. ఆ చట్టం సాయం చేయాలన్నా ముందు పిల్ల నోట మాట రావాలి. ఆ మాట ఇవ్వవలసినది మనము.

బడులు చెబుతాయిలే అనుకోవడానికీ లేదు. 2005లో కేంద్ర ప్రభుత్వం కౌమారదశలోని పిల్లలకు ఈ విద్య చెప్పే కార్యక్రమం మొదలుపెట్టింది. 2007లో మహారాష్ట్ర, కర్ణాటక సహా కొన్ని రాష్ట్రాలు వద్దన్నవి. పిల్లలు చెడిపోతారనీ, మన సంస్కృతి కాదనీ అప్పుడు వినిపించిన మాటలు చదువుతుంటే, 1911 నాటి కాగితాలు మళ్ళీ విప్పినట్టే తోచింది. తెలియడం వల్ల చెడినవారికన్న, తెలియకపోవడం వల్ల చెడినవారే ఎక్కువని ఆసుపత్రులలో పనిచేసేవారిని ఎవరినడిగినా చెబుతారు. మొదటి కాన్పుదాకా తన ఒళ్ళు తనకు తెలియని తల్లులు, నెల తప్పితే ఎవరికి చెప్పాలో తెలియని పిల్లలు, బాధ ఉన్నా నోరుమూసుకొని ముప్ఫై ఏళ్ళు కాపురం చేసిన ఇల్లాండ్రు మనకు తెలిసినవారే.

అయితే ఏమి చేయాలి?

పదేళ్ళ పిల్ల చేతికి "రాధికాసాంత్వనము" ఇమ్మని మేము చెప్పడం లేదు. అది పెద్దలు చదువుకొనే పుస్తకం. పెద్దలు చదివి, ధైర్యం తెచ్చుకొని, తమ మాటల్లో పిల్లలకు చెప్పవలసిన పాఠం వేరే ఉన్నది.

పిల్ల పెద్దమనిషి కాకముందే, ఎనిమిది తొమ్మిదేళ్ళ వయస్సులోనే, రాబోయే మార్పు చెప్పండి. రక్తం చూచి బెదిరిన తరువాత చెప్పేది బోధ కాదు, ఓదార్పు. ఇది రోగమూ కాదు, మైలా కాదు, శరీరధర్మమని చెప్పండి. మగపిల్లవానిని ఆ సమయంలో గదిలోంచి తరిమివేయకండి. అక్కకు ఏమి జరుగుతున్నదో తెలిసిన తమ్ముడు రేపు భార్యను ఎగతాళి చేయడు. వాని ఒంటిలో వచ్చే మార్పులు కూడా తండ్రియో, మేనమామో కూర్చోబెట్టి చెప్పాలి. పెండ్లి కుదిరినప్పుడు, లగ్నపత్రికకు పట్టిన సమయంలో పదోవంతు పట్టించి, ఇంటి పెద్దది ఒకతె వధువుతోనూ వరునితోనూ విడివిడిగా మాట్లాడాలి. "వద్దు" అనడం నీ హక్కు అని ఆమెకు, "వద్దు" అంటే ఆగడం నీ ధర్మమని అతనికి చెప్పాలి. రాధ చేసినది ఆపాటి పనియే.

చదివేవారికి ఒక మనవి. మనలో చాలమంది పిల్లలకు తెలుగు లిపి రాదు, కోడళ్ళు కొందరు పొరుగుభాషవారు. కాబట్టి ఈ కావ్యాన్ని పెద్దవారు పదిమంది కలిసి పైకి చదువుకుంటే మంచిది. పద్యం ఒకరు చదివి, తాత్పర్యం మరొకరు చెబితే చాలు. 2011లో సంధ్యా మూల్చందానీ చేసిన ఇంగ్లీషు అనువాదం కూడా ఉన్నది. తెలుగు చదవలేని పెద్దపిల్లలకు అది పనికివస్తుంది. కాని ముద్దుపళని తెలుగులో ఉన్న తీపి, చనువు తెలుగువారి చెవికే అందుతుంది. అత్త కోడలితో చెప్పినట్టు, అక్క చెల్లెలితో చెప్పినట్టు ఉంటుంది ఆ నుడికారం.

మరాఠీ ప్రభువు కొలువులో, అరవదేశం నడుమ, తెలుగుబిడ్డ వ్రాసిన పుస్తకం ఇది. కన్నడసీమ ఆడపడుచు దీనికి మళ్ళీ ప్రాణం పోసింది. పరభాషల నడుమ బ్రతుకుతున్న మనకు ఇంతకన్న దగ్గరి చుట్టం ఏ పుస్తకముంటుంది? బీరువా పై అరనుండి దానిని దించుదాము. మనం చదివి, మన పిల్లలకు చెప్పవలసిన నాలుగు మాటలు మన భాషలోనే చెబుదాము.